చెవులపిల్లి మీద దండయాత్ర

ఉగాది దగ్గరపడిందంటే మా పడమటి కర్నూలులో కొన్ని ఇళ్ళకు వీరత్వం పూనుతుంది. ఏడాది పొడుగునా ఆదోని బస్సులో కిటికీ సీటు కోసం కూడా ఎవరితోనూ పేచీ పెట్టుకోని పెద్దమనిషి ఆ పూట మీసం మీద చెయ్యి వేస్తాడు. బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోయిన కొడుకు, ఎమ్మిగనూరులో అంగడి పెట్టుకున్న అల్లుడు, ఇంటర్ తప్పిన మనవడు అందరూ ఆస్పరికి చేరతారు. తెల్లారకముందే నాలుగు బైకులు, ఒక ట్రాలీ ఆటో, అయిదు కుక్కలు, చేతికొక కట్టె పట్టుకున్న పదకొండు మంది మగవాళ్ళు బయలుదేరతారు. ఇంటి దగ్గర ఆడవాళ్ళు మసాలా నూరి పెట్టుకుని ఎదురుచూస్తుంటారు. ఇంత సేన ఎవరి మీదికయ్యా అంటే, రెండు కిలోలకు అటూ ఇటూ తూగే ఒక చెవులపిల్లి మీదికి.

ఆ శత్రువు బలగం ఏమిటో కూడా చూద్దాం. దానికి కోట లేదు. బొరియ కూడా లేదు. బోనులో పెంచుకునే తెల్ల కుందేలు మాదిరి గుంత తవ్వుకుని దూరే రకం కాదు మన బీళ్ళలోది. గడ్డిదుబ్బు మొదట్లో ఒళ్ళు పట్టేంత పల్లం చేసుకుని, మెడ వెనక నల్లమచ్చ మీదికి చెవులు వాల్చుకుని, పగలంతా కదలకుండా పడుకుంటుంది. రాత్రయ్యాక మేతకు పోతుంది. దానికున్న ఆస్తల్లా ముందు కాళ్ళకంటే పొడుగైన వెనక కాళ్ళు. ఉగాది నాటికి చేలన్నీ బోడిగుండ్లయి ఉంటాయి. పత్తికట్టె పీకేసి ఉంటారు. దాక్కోవాలంటే వంక గట్టున సర్కారు కంప తప్ప ఇంకేమీ దొరకదు. అట్లాంటి రోజు చూసుకుని, పగటి పూట, నిద్రపోయే దాన్ని లేపి తరమడాన్ని మనవాళ్ళు శౌర్యం అంటున్నారు.

"మా జేజి కాలం నుంచి ఉండాది ఇది. వేట తప్పితే వానలు పడవు" అంటాడు పెద్దాయన. ఈ లెక్క నిజమే అయితే ఇన్నేళ్ళుగా చచ్చిన చెవులపిల్లులకు ఈపాటికి తుంగభద్ర మా ఆస్పరి స్టేషన్ ప్లాట్‌ఫారం ఒరుసుకుంటూ పారాల. వాన మాత్రం మా మీద దయ తలిచింది ఎప్పుడు? పండగ మామూళ్ళు మేస్తూనే ఉంది, పని మాత్రం చెయ్యదు. ఊరు ఊరంతా గుంటూరు సీమకు మిరపకాయలు కోసే కూలికి పోతూనే ఉంది. పాపం, వానను కదిలించడం చెవులపిల్లి వల్ల కాలేదు. దాని రక్తంలో అంత పలుకుబడి లేదనుకుంటా.

అల్లుడిది ఇంకో వాదన. చదువుకున్నవాడు కాబట్టి వానల జోలికి పోడు. "పంట తినేస్తాయి మామా అవి" అంటాడు. ఏ పంట? వానాకాలం వేరుశనగ కార్తీకానికే ఇల్లు చేరింది. ఉగాది నాటికి చేలో ఉన్నవి గడ్డలూ రాళ్ళూనూ. పంట మీద మందలు మందలుగా పడి మేసేవి జింకలు. ఆ సంగతి ఆస్పరి, ఆలూరు, హొళగుంద రైతులను ఎవర్ని కదిపినా చెబుతారు, కంట నీళ్ళు పెట్టుకుని మరీ చెబుతారు. వాళ్ళ బాధ నిజం, దానికి సర్కారు జవాబు చెప్పాల్సిందే. జింక జోలికి పోతే జైలని అల్లుడికి తెలుసు. అందుకని జింక మీద కోపం చెవులపిల్లి మీద తీర్చుకుంటాడు. అన్నట్టు ధర పడిపోయిన ఏట టమాటా గంపలు రోడ్డు మీద కుమ్మరించే గతి పట్టించింది కూడా చెవులపిల్లి కాదు, ఎవరో నాకు తెలుసు గానీ వాళ్ళ వెంట కుక్కల్ని తోలే ధైర్యం మా వీరుల్లో ఎవరికీ లేదు.

చెవులపిల్లి జోలికి పోయినా జైలే మరి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే ఏమిటో రాసిన చోట చంపడం ఒక్కటే లేదు. పట్టడం, ఉచ్చు వెయ్యడం, ఎర పెట్టడం, కుక్కల్ని వదిలి తరిమించడం, వీటిలో దేనికి ప్రయత్నించినా వేటే. అంటే చెవులపిల్లి తప్పించుకుపోయి, పదకొండు మందీ ఒట్టి చేతులతో ఇంటికొచ్చి పప్పన్నం తిన్నా నేరం జరిగినట్టే. శిక్ష మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, రెండూ కలిపి కూడా. ఒకప్పుడు నాలుగో షెడ్యూలులో పడి ఉన్న ఈ జీవిని 2022 సవరణ రెండో షెడ్యూలుకు ఎక్కించింది. మా మండలంలో ఈ మధ్య ఇంత పెద్ద ప్రమోషన్ ఇంకెవరికీ వచ్చినట్టు లేదు. వచ్చిన సంగతి దానికి తెలియదు, మనకు పట్టదు.

పట్టనట్టు ఉంటే ఏమవుతుందో తుంగభద్ర అవతల చూశాం. 2025 ఉగాదికి రాయచూరు జిల్లా తుర్విహాళ్‌లో జాతర ముగిశాక కుందేళ్ళను వేటాడి ఊరేగించారంటూ వీడియో బయటికొచ్చింది. అటవీశాఖ కేసు పెట్టినవాళ్ళలో ఆ నియోజకవర్గం ఎమ్మెల్యే కొడుకూ తమ్ముడూ ఉన్నారు. మన వేటగాళ్ళు కూడా అటవీశాఖను ఎక్కువ శ్రమ పెట్టరు. చెవులు పట్టుకుని వేలాడదీసిన ఫోటో, పక్కన కుక్క, వెనక గుట్ట, నుదుట పండగ బొట్టు, కింద 'సింహం' అని ఒక మాట. ఎప్పుడు, ఎక్కడ, ఎవరెవరు, అన్నీ వాట్సాప్ స్టేటస్‌లోనే అఫిడవిట్ మాదిరి దాఖలు చేసేస్తారు.

కుక్కల సంగతి చెప్పకపోతే పాపం. ఇంట్లో పిల్లోడికి అంగన్‌వాడీ గుడ్డు, ముధోల్ కుక్కకు అంగడి గుడ్డు. ఈ సన్ననడుము జాతి వాసన కంటే చూపును నమ్ముకుని వేటాడుతుంది, కనబడిందాన్ని తరుముతుంది. ముధోల్ రాజా మాలోజీరావు ఘోర్పడే ఒక జతను అయిదో జార్జి చక్రవర్తికి కానుక ఇచ్చాడని చెప్పుకుంటారు. 2005లో తపాలా శాఖ దీని బొమ్మతో స్టాంపు వేసింది. సరిగ్గా ఆ ఏడాదే ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లో కుక్కలతో కుందేళ్ళను తరిమించే పందేల మీద నిషేధం అమలులోకి వచ్చింది. 1836 నుంచి దొరలు టోపీలు ఎగరేసి మరీ జరుపుకున్న వాటర్లూ కప్పు ఆ నెలలోనే ఆఖరి ఆట ఆడి మూతపడింది. ఆచారం, వారసత్వం, పల్లె బతుకు అని వాళ్ళూ గగ్గోలు పెట్టారు. మా పెద్దాయన ఆ గగ్గోలు విని ఉంటే ఎవరో ఆస్పరి నుంచే పోయి మాట్లాడుతున్నారని మురిసిపోయి ఉండేవాడు.

వారసత్వం మాట వచ్చింది కాబట్టి హంపి కథ కూడా ఎత్తుకోవాలి, ఎందుకంటే మూడో పెగ్గు దగ్గర ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. హరిహరుడు, బుక్కడు తుంగభద్ర ఒడ్డున వేటకు పోతే ఒక కుందేలు వేటకుక్కల మీదికే తిరగబడిందట, ఆ నేల మహిమ చూసి విద్యారణ్యులు అక్కడే నగరం కట్టమన్నారట. ఆదోని కోట కూడా ఆ రాయల ఏలుబడిలోదే, కాబట్టి మేమంతా ఆ వేటగాళ్ళ వారసులం అని మావాళ్ళ తీర్మానం. కథలో వీరుడెవరో మాత్రం ఎవరూ చూడరు. వేటగాడా? కుక్కా? అన్నదమ్ములిద్దరూ గుర్రాల మీద నోళ్ళు తెరుచుకుని చూశారే గాని మసాలా నూరమని ఇంటికి కబురు పెట్టలేదు. ఆ రోజు అక్కడ మా ఆస్పరి బృందం ఉండి ఉంటే విజయనగరం మధ్యాహ్నానికే కూరై, సాయంత్రానికి అరిగిపోయి ఉండేది.

కరువు ఏట గంజికి గతిలేక ఉచ్చు వేసి పట్టి, పిల్లల కడుపు నింపిన తాతలతో నాకు పేచీ లేదు. వాళ్ళు దాన్ని శౌర్యమనీ అనలేదు. పెట్రోలు, కుక్క మేత, క్వార్టర్లు అన్నీ కలిపితే పొట్టేలు వచ్చే చోట, పదకొండు మందికి తలా రెండు ముక్కలు రాని కూర కోసం పోయేవాళ్ళ గురించే ఈ గోల.

పౌరుషం తీరక ఒళ్ళు తిమ్మిరెక్కితే దారి మా మండలంలోనే ఉంది. ఉగాది మరుసటి రోజు కైరుప్పలకు పోండి. వీరభద్రస్వామికీ కాళికాదేవికీ ప్రేమ తగువట, ఊరు రెండు పక్షాలై పిడకలతో కొట్టుకుంటుంది. తలలు బొప్పి కడతాయి, విభూతి పూసుకుంటారు, మళ్ళీ కొట్టుకుంటారు. అక్కడ రెండు పక్షాల చేతుల్లోనూ పిడకలుంటాయి. యుద్ధం ఉందని రెండు పక్షాలకూ ముందే తెలుసు. మావాళ్ళు అటు పోరు. పిడక తిరిగి వస్తుంది కదా.

దేవుడి మీద భయముంటే తిరుమల చూడండి. కనుమ నాడు పార్వేట మండపానికి మలయప్పస్వామి వేంచేస్తాడు. స్వామి తరఫున అర్చకులు ముందుకు పరుగెత్తి బల్లెం విసురుతారు. విసిరేది బొమ్మ జంతువు మీదే. కుక్కల మాటంటారా, అమెరికాలో 1919లోనే గ్రేహౌండు పందేలకు యంత్రంతో లాగే ఉత్తుత్తి కుందేలును పెట్టారు. ఏడుకొండలవాడికే సరిపోయిన బొమ్మ ఆస్పరి పెద్దమనిషికి చాలదా? పాత గోనెసంచిని చెవులపిల్లిగా కుట్టించి, తాడు కట్టి, మనవడి బైకు వెనక లాగించి, బీడులో కుక్కల్ని వదలండి. కుక్కలకు పరుగూ, మగవాళ్ళకు కేకలూ దక్కుతాయి. కూరకు ఆదోనిలో కోడి ఉంది.

ఈ మాటే ఆ ఇంట్లో చెప్పి చూశాను. పెద్దాయన ఆలోచనలో పడ్డాడు. వానల గురించి ఏమన్నా అంటాడేమో అనుకున్నా, అనలేదు. మనవడే ఫోనులోంచి తల ఎత్తి, "గోనెసంచిని పట్టుకొని ఫోటో ఎట్ల దిగేది సిన్నాయనా, నవ్వరా?" అన్నాడు.