టెంటేశ్వరరావు

అసలు పేరు ఏదైనా కానివ్వండి, మే నెల వచ్చిందంటే ఆయన టెంటేశ్వరరావే. హైదరాబాద్‌లో పదో అంతస్తులో ఏసీ కింద ఉద్యోగం. ఎవరూ లేని చోటికి పోయి నాలుగు రోజులు ఒంటరిగా ఉండాలని ఆయన కోరిక. ఈ కోరికను వాట్సాప్ గ్రూపులో పెడతాడు. గ్రూపు గ్రూపంతా బయల్దేరుతుంది. పోయే చోటు ఉత్తరాఖండ్‌లో చమోలీ జిల్లా, బేద్నీ బుగ్యాల్. హిమాలయాల్లో చెట్లు ఇక పెరగని ఎత్తున పరుచుకునే పచ్చిక బయళ్లను అక్కడివాళ్లు బుగ్యాళ్లంటారు. బేద్నీ దాదాపు 11 వేల అడుగుల ఎత్తులో ఉంది. ఎదురుగా త్రిశూల్, నందా ఘుంటీ శిఖరాలు. ఢిల్లీకి విమానం, కాఠ్‌గోదామ్‌కి రైలు, అక్కడినుంచి లోహాజంగ్ దాకా పొద్దంతా జీపు, ఆపైన నడక. ఇంత కష్టపడి చేరిన నిశ్శబ్దాన్ని ఆయన భరించేది టీ చల్లారేదాకానే. ఆ తర్వాత బ్లూటూత్ స్పీకర్ అందుకుంటుంది. అందుకే నా అనుమానం: ఆయనకు ఏకాంతం మీద పెద్ద మోజేమీ లేదు. తాను ఏకాంతంలో ఉన్నట్టు నలుగురికీ తెలియాలి, అంతే.

నమ్మకం లేకపోతే ఆయన సామాను విప్పి చూడండి. రెండు పవర్ బ్యాంకులు, సెల్ఫీ కర్ర, ట్యాగు తీయని జాకెట్టు, ఎందుకైనా మంచిదని పులిహోర పొడి, ఆవకాయ. (ఆవకాయ మీద నాకు ఫిర్యాదు లేదు. అంత చలిలో అదొక్కటే పనికొచ్చే వస్తువు.) ఈ బరువంతా ఆయన మోయడు. 'ఆఫ్‌లోడింగ్' అని వేరే డబ్బు కడితే కంచరగాడిద మోస్తుంది. కొండెక్కిన ఘనత న్యాయంగా దానికి దక్కాలి గానీ, దానికి ఇన్‌స్టాగ్రామ్ ఖాతా లేదు.

ఇంతవరకూ నవ్వుకుని వదిలేయొచ్చు. టెంటు వేశాక నవ్వు ఆగుతుంది. బుగ్యాల్ మంచు కింద నెలల తరబడి పడుకుని, మిగిలిన కొద్ది నెలల్లోనే మొలిచి, పూచి, విత్తనం రాల్చాలి. ఆ కాస్త సమయంలో గుడారం అడుగు కప్పేస్తే గడ్డి పసుపుబారుతుంది. వాన నీరు లోపలికి రాకుండా గుడారం చుట్టూ జానెడు లోతు కాలువ తవ్వుతారు. టెంటు పీకేసినా కాలువ అక్కడే ఉంటుంది; వచ్చే వానకు దాని అంచులు విరిగి మట్టి వాలులోకి జారుతుంది. "ఒక్క రాత్రికే ఇంత రాద్ధాంతమా?" అంటాడాయన. నిజమే, ఆయనది ఒక్క రాత్రే. మర్నాడు అదే గుంటలో ఇంకో టెంటేశ్వరరావు దిగుతాడు, సీజనంతా ఇంతే. 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్ల మీద రాత్రి బస నిషేధించి, వచ్చేవాళ్ల సంఖ్య 200 దాటకూడదనీ, ఫైబర్ గుడిసెలు తొలగించాలనీ చెప్పింది. కోర్టుకెక్కింది ఏ ఢిల్లీ పెద్దమనుషులో కాదు. ఆలీ, బేద్నీ, బాగ్జీ బుగ్యాళ్ల సంరక్షణ సమితి. ఉత్తరకాశీ జిల్లాలోని దయారా బుగ్యాల్‌లో నేల కోతను ఆపడానికి అటవీశాఖ కొబ్బరిపీచు చాపలు పరవాల్సి వచ్చింది. కొబ్బరిచెట్టు మొహం ఎరగని కొండకు కొబ్బరిపీచు కట్టు!

ఆయన తరఫు వాదనలూ వినాలి. గొర్రెలు మేయడం లేదా అంటాడు. మేస్తాయి, మంద ఆగినచోట నేల పాడవుతుంది కూడా. అయితే కాపరి మేత అయిపోగానే మందను కదిలిస్తాడు. టెంటు మాత్రం ఫొటోలో త్రిశూల్ పడే చోటు వదిలి జరగదు. ఎండాకాలంలో కీడాజడి అనే మందు శిలీంధ్రం తవ్వుకోవడానికి ఊళ్లవాళ్లే పైన మకాం వేస్తారు కదా అంటే, అదీ తప్పే, ఒప్పుకుంటాను. రెండు తప్పులు కలిస్తే గడ్డి మొలవదు. బలమైన వాదన ఇంకొకటుంది: నిషేధంతో బేద్నీ దారిలోని వాణ్, లోహాజంగ్ గ్రామాల గైడ్లకు, వంటవాళ్లకు, కంచరగాడిదల వాళ్లకు పని తగ్గింది. ఇది కొట్టిపారేసే మాట కాదు, వాళ్ల పొయ్యి సంగతి. కానీ కోర్టు ఆపింది రాత్రిని, పగటిని కాదు. ఊళ్లో ఇంట్లో దిగి, గైడును వెంటబెట్టుకుని తెల్లారే ఎక్కి పొద్దుగూకేలోపు దిగితే, గది అద్దె, భోజనం ఖర్చు నేరుగా ఆ ఇల్లాలి చేతిలో పడతాయి. టెంటేశ్వరరావుకి దీంతో వచ్చిన చిక్కల్లా మోకాళ్లతోనే. దానికి మందు ఏప్రిల్‌లోనే ఆఫీసు లిఫ్టు మానేయడం.

కాబట్టి ఈ ఏడు బేద్నీ వెళ్లే ఉద్దేశం ఉంటే, అయ్యా, తప్పకుండా వెళ్లండి. వాణ్‌లో గది చూసుకోండి, మీ బ్యాగు మీరే మోయండి, ఆవకాయ ఆ ఇంటివాళ్లకూ కాస్త రుచి చూపించండి. స్పీకర్ మాత్రం హైదరాబాద్‌లో వదిలేయండి.