గ్లాసు నీటి గాథ: టీకా తాత్పర్య సహితము

ఆ.  ఎండ వేళ రేవు నిండుగా రోటిఫర్
వరద తాకెనేని వట్టినీరు
చలికి మరల వచ్చు సైక్లాప్సు గుంపులు
గ్లాసు నీటిలోని గాథ వినుము

అవతారిక: గోదావరి మీద పద్యం చెప్పినవారు పాపికొండలు చెప్పారు, పుష్కరాలు చెప్పారు, పులసను మరీ నోరూరేలా చెప్పారు. ఆ పులస జాతి మేసే జంతు ప్లవకాలను మాత్రం ఎవరూ తలవలేదు. ఈ అజ్ఞాతకవి రాజమహేంద్రవరం రేవులో సన్నకన్నుల వలతో నీళ్లు వడగట్టి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసిన ఘనుడు.

ప్రతిపదార్థము: ఎండ వేళన్ = ఏరు సన్నగిల్లిన వేసవిలో; రేవు = రేవు దగ్గరి నిలకడ నీరు; రోటిఫర్ = తలమీది రోమాలు చక్రంలా తిరుగుతున్నట్టు కనిపించే అతిసూక్ష్మ జీవి; వరద తాకెనేనిన్ = ఎర్రనీరు దిగినచో; వట్టినీరు = (వివాదాస్పదము; కింద చూడుడు); సైక్లాప్సు = ఒంటికన్ను గల, రొయ్యకు దూరపు చుట్టమైన ప్రాణి; వినుము = కవి ఆజ్ఞ.

తాత్పర్యము: వేసవిలో నీరు నెమ్మదించి తేటపడుతుంది. వెలుతురు లోపలికి దిగి నాచుకణాలు పెరుగుతాయి, వాటిని మేసి రోటిఫర్లు పెరుగుతాయి. జూలై, ఆగస్టుల్లో వరద చాలామందిని ఊడ్చుకుపోతుంది. నీరు తీశాక మళ్లీ మొదలు.

విశేషములు: రోటిఫర్ల జోరుకు కారణం వాటి సంసారం తీరు. కాలం బాగున్నంతకాలం ఆడవే ఆడవాటిని కంటాయి, మగవాడి ఊసే ఉండదు. పుట్టిన పిల్ల ఒకటి రెండు రోజుల్లోనే తల్లవుతుంది. రోజులు చెడితే అప్పుడు మగవాడు పుడతాడు. బ్రాకియోనస్ అనే రకంలో వాడు మరుగుజ్జు, పైగా పనిచేసే జీర్ణనాళమే లేదు. తిండి లేకుండా జతకట్టి గతిస్తాడు. పాపం, ఏ కవీ వాడికి విరహం రాయలేదు. ఆ కలయికతో పుట్టిన గట్టిపెంకు గుడ్లు అడుగు బురదలో పడి ఉండి, మంచికాలం రాగానే పొదుగుతాయి.

కనుక ‘వట్టినీరు’ అంటే జీవమే లేని నీరని పామరవ్యాఖ్య. మాకు సమ్మతం కాదు. వరదకు నిలవడం కష్టమన్నది నిజమే: 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు పారింది. మిల్లీమీటరైనా లేని ప్రాణి దానికి ఎదురీదుతుందా? పైగా బురదనీటిలో వెలుతురు చొరదు, నాచు పెరగదు, తిండి కరువు. అయినా కొందరు మిగులుతారు, బురదలో గుడ్లుంటాయి. ‘మట్టినీరు’ అనే పాఠాంతరం యతికి చేటు గాని శాస్త్రానికి మేలు.

మూడో పాదంలో కవి ఛందస్సు కోసం సర్దుకున్నాడని మా అభియోగం. సైక్లాప్సులు వేసవిలోనూ ఉంటాయి. గుడ్డు నుంచి పెద్దయ్యేదాకా ఎన్నో దశలు దాటాలి గనుక, ఖాళీ అయిన నీటిలో రోటిఫర్లు ముందు చేరి ఇవి నింపాదిగా తరువాత చేరతాయి. వీళ్లకు ఋతువులు పెట్టేది పంచాంగం కన్నా ఎక్కువగా ప్రవాహమే.

అలంకారము: స్వభావోక్తి. అతిశయోక్తి అనుకునేవారు వలవేసి చూసుకోవచ్చు.

ఫలశ్రుతి: ‘గ్లాసు నీటిలోని’ అన్నది ఉత్త యతిపూరణం కాదు. నారికురుపు పురుగు పిల్లలు మనిషి కడుపులోకి చేరింది తాగేనీటి సైక్లాప్సుల ద్వారానే. బట్టతో నీళ్లు వడగట్టడం ఆ రోగాన్ని తరిమిన మార్గాల్లో ఒకటి. మన దేశంలో ఆఖరి కేసు 1996లో. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను ఆ రోగం లేని దేశంగా ధ్రువీకరించింది. ఈ పద్యం చదివితే పుణ్యం వస్తుందని హామీ ఇవ్వలేము. ఏటి నీళ్లు మాత్రం వడగట్టి, మరగకాచి తాగండి.