తొక్కుడు సమ్మెట తగువు

అమెరికాలోనూ ఇంగ్లండులోనూ వారాంతపు కమ్మరులని ఒక వర్గం ఉంది. వారమంతా కంప్యూటరు ముందు కూర్చుని, శనివారం రాగానే కారు షెడ్డులో కొలిమి రాజేస్తారు. ఇనుము మీద ప్రేమ మంచిదే, తప్పుపట్టేదేం లేదు. కానీ ఆ ప్రేమలో వాళ్లకో ధర్మసందేహం పట్టుకుంది. అది ఏళ్ల తరబడి తెగడం లేదు. కొలిమి దగ్గర ట్రెడిల్ హామర్ ఉండాలా, అక్కర్లేదా? ఈ వాదంలోకి సుత్తి బరువు వస్తుంది, స్ప్రింగుల బిగువు వస్తుంది, మోకాళ్ల ఆరోగ్యం వస్తుంది, తాతముత్తాతల పరువు కూడా వస్తుంది. ఎన్నాళ్లు సాగినా రానిది ఒక్క ప్రశ్నే: ఇంతకీ నువ్వు చేసేదేమిటి నాయనా?

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. మన పెద్దలు ఈ షెడ్డులు చూడకుండానే అన్నమాట ఇది.

ట్రెడిల్ హామర్ అంటే కాలితో తొక్కే సమ్మెట. ఇనుప చట్రం, అడుగున బరువైన దాగలి దిమ్మ, పైన పాతిక ముప్పై కిలోల సుత్తి తల, దాన్ని ఎత్తిపట్టే స్ప్రింగులు, నేల దగ్గర ఒక పెడలు. తొక్కితే దిగుతుంది, వదిలితే లేస్తుంది. కరెంటు అడగదు, పెట్రోలు తాగదు. చిన్నపిల్లాడికి కూడా ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. పెద్దవాళ్లకే పదేళ్లయినా అంతుపట్టడం లేదు.

మొదటి పక్షం బరువు భక్తులది. వీరి లెక్క ప్రకారం ముప్పై కిలోల తల మంచిది, నలభై ఇంకా మంచిది, యాభై పెడితే మోటారుతో నడిచే పవర్ హామర్ కొనక్కర్లేదు. "పేదవాడి పవర్ హామర్" అని దానికో ముద్దుపేరు కూడా పెట్టారు. వీరి ఉత్సాహం మీద నీళ్లు చల్లడం నాకూ ఇష్టం లేదు గాని, భౌతికశాస్త్రం మొహమాటపడదు. ఆ తలను స్ప్రింగులు పైకి పట్టి ఉంచుతున్నాయి కదా. అంటే అది దిగేటప్పుడు భూమి ఇచ్చే బలాన్ని స్ప్రింగులు అప్పటికప్పుడే జమకట్టుకుంటున్నాయి. ఇక దెబ్బకు బలం ఎక్కడి నుంచి రావాలి? తొక్కే కాలి నుంచే. 70 కిలోల మనిషి తన బరువంతా మోపి పెడలును 30 సెంటీమీటర్లు దించితే జరిగే పని సుమారు 200 జౌళ్లు. అందులోనూ కొంత స్ప్రింగులను సాగదీయడానికే పోతుంది. తల బరువు రెట్టింపు చేస్తే కాలు రెట్టింపు కాదు. తల నెమ్మదిగా దిగుతుంది, అంతే.

దెబ్బ సంగతి అది, ఇక ఓపిక సంగతి. ఒక హార్స్‌పవర్ మోటారంటే 746 వాట్లు. రోజంతా శ్రమించే మనిషి నిలకడగా ఇవ్వగలిగింది సుమారు 75. చిన్న పవర్ హామర్ నిమిషానికి రెండు మూడు వందల దెబ్బలు వేస్తూ, తన యజమాని టీ తాగి వచ్చేదాకా అలాగే వేస్తుంది. ట్రెడిల్ హామర్ మీద లావుపాటి కడ్డీని సాగదీయాలని చూస్తే ఇనుము సాగేలోపు మోకాలు అరుగుతుంది. ఒంటికాలి మీద తపస్సు చేసే మునులకు చివర్లో వరమైనా దక్కేది. ఈయనకు దక్కేది సగం సాగిన కడ్డీ.

అదే బరువు భక్తులు కింద ఉన్న దిమ్మను మాత్రం పాత ఇనుప ముక్కలతో సరిపెడతారు. పైనుంచి పడే దెబ్బకు కింద ఎదురు నిలిచే బరువు లేకపోతే, ఆ శక్తిలో వాటా నేలకూ చట్రానికీ పోతుంది. సుత్తి తలకు కనీసం పదింతలు ఉండాలని అనుభవజ్ఞులు చెబుతారు. కానీ దిమ్మ ఫొటోలో పడదు. తల పడుతుంది.

రెండో పక్షం శుద్ధాచారులది. వీళ్లు యంత్రం పేరెత్తితే మైల పడ్డట్టు చూస్తారు. "అసలు సిసలు కమ్మరికి చెయ్యి, సుత్తి, దాగలి చాలు. మా పూర్వీకులు ఒంటిచేత్తో పని చేశారు" అంటారు. ఏ పూర్వీకులో చెప్పరు. ఎందుకంటే కమ్మరి ఒంటరిగా పనిచేసిన కాలం దాదాపు ఏ దేశంలోనూ లేదు. మన ఊళ్ల కొలిమి దగ్గరకు పోయి చూడండి. కమ్మరి ఎడమచేత్తో పట్టకారు, కుడిచేత్తో చిన్న సుత్తి పట్టుకుంటాడు. ఎదురుగా నిలబడి సమ్మెట ఎత్తేది ఇంకొకరు. చిన్న సుత్తి ఎక్కడ టక్కుమంటే పెద్ద దెబ్బ అక్కడ పడుతుంది. నాగలి కర్రు అయినా గడ్డపార మొన అయినా అలాగే పదునెక్కింది. ఆ సమ్మెట ఎత్తింది చాలా ఇళ్లలో ఆ ఇంటి ఇల్లాలే. పొద్దున వంట చేసి, పగలు తిత్తి ఊది, మధ్యాహ్నం సమ్మెట కొట్టి, రాత్రికి మళ్లీ వంట చేసింది. పేరు మాత్రం ఆయనది. రాజస్థాన్ నుంచి బండ్ల మీద ఊరూరా తిరిగిన గాడియా లోహార్లలో ఇప్పటికీ రోడ్డు పక్కన సమ్మెట ఎత్తేది చాలాసార్లు ఆడవాళ్లే.

కాబట్టి శుద్ధాచారీ, మీ పూర్వీకుల దగ్గర కూడా ట్రెడిల్ హామర్ ఉంది. కాకపోతే దానికి ప్రాణం ఉండేది. అది విస్తట్లో చివరి ముద్ద తినేది.

మూడో పక్షం చరిత్ర ప్రేమికులది. ఇది చాలా పాతదని, ఇంగ్లండులో దీన్ని ఒలివర్ అనేవారని, స్ప్రింగుల బదులు పైకప్పు కింద కట్టిన వంగే కర్ర సుత్తిని పైకి లేపేదని కళ్లు మూసుకుని చెబుతారు. నిజమే. బర్మింగ్‌హామ్ పక్కన బ్లాక్ కంట్రీ అనే ప్రాంతంలో పెరటి కొట్టాల్లో ఒలివర్లు తొక్కి మేకులు, బోల్టులు చేశారు. అయితే అక్కడ తొక్కినవాళ్లు సౌందర్యం కోసం తొక్కలేదు. మేకుకింతని కూలి వచ్చేది, చాలక ఇంటిల్లిపాదీ తొక్కేవారు. అదే ప్రాంతంలో క్రాడ్లీ హీత్‌లో గొలుసులు చేసే ఆడవాళ్లు 1910లో గంటకు రెండున్నర పెన్నీల కూలి కోసం పది వారాలు పని ఆపేశారు. మేరీ మెకార్థర్ అనే కార్మిక నాయకురాలు ముందు నిలిచి నడిపించింది. ఆ కొట్టాల్లో ఒలివర్ పనికొస్తుందా రాదా అని సదస్సు పెట్టినవాడు ఉండి ఉండడు. చేయాల్సిన మేకు ఎదురుగా ఉంది, తలకట్టు ప్రతిసారీ ఒకేలా రావాలి, చేతులు రెండూ ఖాళీ లేవు. అందుకని కాలికి పని పడింది.

ఆ చివరి మాటలోనే మొత్తం జవాబు ఉంది. ట్రెడిల్ హామర్ ఇచ్చేది బలమైన చెయ్యి కాదు, మూడో చెయ్యి. గొడ్డలికి కామ దూరే రంధ్రం చేయాలనుకోండి. ఒక చెయ్యి పట్టకారుతో ఎర్రగా కాలిన ఇనుమును పట్టుకోవాలి, ఇంకొకటి పంచ్‌ను నిలబెట్టాలి. మరి కొట్టేదెవరు? ఉలితో కడ్డీ చీల్చాలన్నా, అచ్చు పెట్టి ఆకు ఈనెలు దింపాలన్నా, చల్లని రేకు మీద బొమ్మ చెక్కాలన్నా ఇదే చిక్కు. అక్కడ కాలు కొడుతుంది. గట్టిగా తొక్కితే గట్టిగా, మెల్లగా తొక్కితే మెల్లగా. పనివాడి చూపు పంచ్ మొన మీదే ఉంటుంది. ఎదుటి మనిషికి సైగ చేయక్కర్లేదు, అతని చూపు తప్పుతుందేమోనని బెదరక్కర్లేదు. ఇంత నాజూకైన పని పవర్ హామర్‌తో చేయాలంటే చాలా చెయ్యి తిరగాలి.

దీనిలోనూ తిరకాసులు లేకపోలేదు. ఒకే ఇరుసు మీద ఊగే చేతికి తల బిగిస్తే అది వంపుగా దిగుతుంది. ఒక్క ఎత్తులోనే సమంగా ఆనుతుంది, పొడుగు పంచ్ పెడితే ఓరగా తగులుతుంది. తిన్నగా దిగే రకం కట్టడం అంత తేలిక కాదు. స్ప్రింగు తెగితే తల ఎవరినీ అడక్కుండా కిందికి వస్తుంది. అందుకే పంచ్ మార్చేటప్పుడు కింద అడ్డు పెట్టాలి. ఇవీ మాట్లాడాల్సిన విషయాలు. వీటి మీద మాత్రం తగువు పుట్టదు, ఎందుకంటే వీటికి జవాబులున్నాయి.

అసలు సుత్తి ఎలా పుట్టాలో ఇంగ్లండు చరిత్రే ఒకసారి చూపించింది. గ్రేట్ బ్రిటన్ అనే ఆవిరి ఓడ తెడ్డుచక్రాలకు సుమారు 30 అంగుళాల మందమున్న ఇరుసు కావాల్సి వచ్చింది. దాన్ని సాగగొట్టగల సమ్మెట దేశంలో లేదు. 1839లో జేమ్స్ నాస్మిత్ ఆ ఇరుసు కోసం ఆవిరి సుత్తి బొమ్మ గీశాడు. ఈలోగా ఓడవాళ్లు తెడ్డుచక్రాలు మాని ప్రొపెల్లర్‌కు మారారు, ఇరుసు అక్కర్లేకపోయింది. నాస్మిత్ సుత్తి బొమ్మగానే ఉండిపోయింది. ఫ్రాన్సులో లె క్రూజోలో ఒకటి తయారైందని తెలిశాకే 1842లో పేటెంటు తీసుకున్నాడు. అంతటి ఇంజనీరు కూడా పని పోయిందని సుత్తిని పక్కన పెట్టాడు. మన వారాంతపు వీరుడు అసలు పనే లేకుండా ఆరు నెలలు వెల్డింగు చేసి సుత్తి కడతాడు, రంగేస్తాడు, ఫొటో తీస్తాడు. ఆ సుత్తి కింద కొట్టిన మొదటి వస్తువు, ఆ సుత్తికే కావాల్సిన ఇంకో పనిముట్టు.

తీర్పు అడిగారు గనుక చెబుతున్నా. గడిచిన నెల మీరు చేసిన పనుల్లో ఉలి, పంచ్, అచ్చు పట్టుకుని "ఇంకో చెయ్యి ఉంటే బాగుండు" అని ఎన్నిసార్లు అనుకున్నారో గుర్తు చేసుకోండి. రోజూ అనుకుంటే ఇవాళే కట్టండి, కాకపోతే దిమ్మ దగ్గర పిసినారితనం వద్దు. లావు ఇనుము సాగదీయడమే మీ పనైతే మోటారు పెట్టిన సుత్తి కొనండి, లేదా ఒక మనిషికి కూలిచ్చి సమ్మెట ఇవ్వండి. ఎప్పుడూ అనుకోలేదంటే, అసలు గుర్తు చేసుకోవడానికి పనే లేదంటే, ఈ చర్చ మానేసి కొలిమి వెలిగించండి. ఉన్న రెండు చేతులకే పని చెప్పనివాడికి మూడో చెయ్యి దేనికి?