95 సెంటీమీటర్ల పౌరుడు

ఓ పని చేద్దాం. కరీంనగర్ టవర్ సర్కిల్‌లో ఓ పెద్దసారును మోకాళ్ల మీద నడిపిద్దాం. ఏ సారైనా పర్వాలేదు. ప్రజాప్రతినిధి, కమిషనర్, ఇంజినీర్, కన్సల్టెంటు... ఎవరు దొరికితే వాళ్లు. ఇస్త్రీ ప్యాంటు చిరిగితే చందాలేసుకుని కొత్తది కుట్టిద్దాం. షరతు ఒక్కటే. తల నేలకు 95 సెంటీమీటర్లు దాటకూడదు.

ఎందుకా లెక్క? అది మూడేళ్ల బిడ్డ ఎత్తు. నెదర్లాండ్స్‌లోని బెర్నార్డ్ వాన్ లీర్ ఫౌండేషన్ ఈ కొలత పట్టుకునే ‘అర్బన్ 95’ అనే కార్యక్రమం నడుపుతోంది. అది నగరాల పెద్దలను అడిగేది ఒకే ప్రశ్న. మీరు 95 సెంటీమీటర్ల ఎత్తే ఉంటే మీ ఊరిని ఎలా కట్టేవారు?

ఏం కనిపిస్తోంది సారూ? బండ్ల సైలెన్సర్లు. మూత లేని మోరీ. గుట్కా ఉమ్ములు. ఫుట్‌పాత్ మీద దుకాణం, దుకాణం ముందు బైకు, బైకును ఆనుకుని ఆటో. మీ ఫ్లెక్సీ మాత్రం కనిపించడం లేదు కదూ? అది పన్నెండడుగుల ఎత్తున కట్టారు. ఓటున్నోళ్ల ఎత్తుకు.

2017 జూన్‌లో కరీంనగర్ స్మార్ట్ సిటీ అయింది. హైదరాబాద్‌కు దక్కాల్సిన చోటు మనకిప్పించారని సంబురపడ్డాం. పటాకులు కాల్చాం. ఐదేళ్లలో కేంద్రం 500 కోట్లు, రాష్ట్రం మరో 500 కోట్లు అన్నది స్మార్ట్ సిటీల మిషన్ లెక్క. ఐదేళ్లన్నది సాగింది. గడువు మీద గడువు పెంచి, 2025 మార్చి 31న మిషన్‌కు మంగళం పాడారు. ఆ 2017 జూన్‌లో పుట్టిన పాపకు మిషన్ ముగిసేనాటికి ఏడేళ్లు దాటాయి. ఇసుకలో గూళ్లు కట్టే వయసు, ఉయ్యాలూగే వయసు, పడి లేచి మళ్లీ పడే వయసు, అన్నీ టెండర్ల దశలోనే గడిచిపోయాయి. ఫైలుకు గడువు పెంచొచ్చు. పోరికి పెంచుతరా?

ఇక్కడో ముచ్చట చెప్పాలి. 2020 నవంబర్‌లో కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ ఆ వాన్ లీర్ ఫౌండేషన్‌తోనే కలిసి నగరాలకు ఓ పోటీ పెట్టింది. ఐదేళ్లలోపు పిల్లలకు పనికొచ్చేలా వీధులు, పార్కులు, అంగన్‌వాడీల చుట్టుపక్కల చోట్లు మార్చి చూపండి అన్నది దాని సారాంశం. స్మార్ట్ సిటీలన్నీ అర్హులే. మొదటి వడపోతలో 25 నగరాలు నిలిచాయి. వరంగల్ ఉంది. హైదరాబాద్ ఉంది. కాకినాడ ఉంది. ఎక్కడో నాగాలాండ్ కొండల్లోని కోహిమా ఉంది. కరీంనగర్ లేదు. మనోళ్లు వేరే పనిలో ఉన్నారు మరి. 2022 మార్చిలో 410 కోట్ల మానేరు రివర్ ఫ్రంట్‌కు కొబ్బరికాయ కొట్టారు. 2023 జూన్‌లో ఆ మానేరు మీదే తీగల వంతెనకు రిబ్బన్ కత్తిరించారు. వంతెన బాగుంది, కాదనను. సెల్ఫీలకు మస్తుంటది. మూడేళ్ల బిడ్డ దాని మీద ఏం చేయాలి? రెయిలింగ్ సందుల్లోంచి నీళ్లు చూడాలి. అదీ అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని.

పార్కుల్లేవా అంటారు. ఉన్నాయి. ఉజ్వల పార్కు, డీర్ పార్కు. ఎక్కడున్నాయి? ఊరవతల, మానేరు డ్యామ్ దగ్గర. టవర్ సర్కిల్ వెనక సందులో ఉండే బుడ్డోడు అక్కడికి పోవాలంటే నాన్నకు సెలవుండాలి, ఆటోకు కిరాయుండాలి. మన ఊరొక్కటే కాదు, ఆదిలాబాద్‌ది మరో తమాషా. మావల హరితవనం చూడాలంటే జాతీయ రహదారి ఎక్కాలి. ఆట అంటే ప్రయాణమా? అన్నం తిని చెయ్యి కడుక్కోకముందే వీధిలోకి ఉరికితే దాన్ని ఆట అంటారు. టిఫిన్ డబ్బా కట్టుకుని పోతే దాన్ని విహారయాత్ర అంటారు.

ఇక వార్డుల్లో ఉన్న చిన్న పార్కుల సంగతి. నేను రోజూ చూసే ఒకటుంది, పేరెందుకు లెండి. గేటు పొద్దున తెరుస్తారు, వాకింగ్ వాళ్ల కోసం. సాయంత్రం తెరుస్తారు, మళ్లీ వాకింగ్ వాళ్ల కోసం. వేసవి సెలవుల్లో పిల్లలు రోజంతా ఖాళీ. ఆ రెండు పూటల మధ్య గేటుకు తాళం. లోపల సగం జాగా ఓపెన్ జిమ్. నలభై ఏళ్ల పొట్టల కోసం సర్కారు పెట్టిన ఇనుప సామాను అది. పిల్లలు దాన్నే ఉయ్యాల చేసుకుని ఊగుతారు. వాచ్‌మన్ విజిలేస్తాడు. పచ్చిక మీదికి పోతే విజిల్. బంతి తెస్తే విజిల్. మరి పిల్లలకని పెట్టినది? ఓ ఇనుప జారుడుబల్ల. పడమర ముఖంగా. మే నెలలో, మన ఎండల్లో! దాన్ని డిజైన్ చేసిన మహానుభావుడిని మధ్యాహ్నం రెండింటికి దాని మీదినుంచి ఒక్కసారి జారమనండి. ఒక్కసారి చాలు. నీడ అనే పదం ప్రాజెక్టు నివేదికలోకి దానంతటదే వస్తుంది.

పచ్చిక కాని చోటంతా పేవర్ టైల్స్. సుందరీకరణ అంటే మన ఇంజినీర్లకు తెలిసిన ఒకే ఒక్క మంత్రం అది. మట్టి కనిపిస్తే టైల్ వేయి. కొలతల పుస్తకం రాయి. బిల్లు ఎత్తు. చిర్రగోనె ఆడాలంటే చిన్న గుంట తవ్వాలి. గోటీలాటకూ గుంట కావాలి. టైల్ మీద తవ్వుతారా? మన ఆడపిల్లలు బొడ్డెమ్మ వేయాలంటే పుట్టమన్ను కావాలి. స్మార్ట్ సిటీలో పుట్ట ఏ జోన్‌లో వస్తుంది? పిల్లలు ఫోన్లకు అతుక్కుపోయారని వేదికల మీద కన్నీళ్లు పెట్టుకునేది కూడా ఈ సార్లే. నేలంతా మీరే కప్పేసిరి. ఇంకెక్కడ ఆడాలె? మీ నెత్తి మీదనా?

బడిలో ఆడుకుంటారు లెండి అంటారు. బడికే పోదాం. 2022లో రాష్ట్ర ప్రభుత్వ పథకం ‘మన ఊరు – మన బడి’ వచ్చింది. 26,065 బడులు, 7,289 కోట్ల రూపాయలు, 12 రకాల పనులు. ఆ పన్నెండింటిని వేళ్ల మీద లెక్కపెట్టండి. మరుగుదొడ్లు, కరెంటు, తాగునీరు, బెంచీలు, రంగులు, మరమ్మతులు, ఆకుపచ్చ బోర్డులు, ప్రహరీ గోడలు, వంటగదులు, కొత్త తరగతి గదులు, భోజనశాలలు, డిజిటల్ చదువు. అన్నీ అవసరమైనవే. పన్నెండులో ఆటస్థలం ఏది? విద్యాహక్కు చట్టం 2009 మాత్రం ప్రహరీ గోడను, ఆటస్థలాన్ని పక్కపక్కనే అడిగింది. మనవాళ్లకు గోడ వినిపించింది. గోడ లోపల ఏముండాలన్నది వినిపించలేదు. తర్వాత ప్రభుత్వం మారింది. బడి మరమ్మతుల పథకం పేరు ‘అమ్మ ఆదర్శ పాఠశాల’ అయింది. పేరు మార్చడంలో మనోళ్లు ఎప్పుడూ ఫస్ట్ క్లాసే.

అదే 2022లో, జూన్ 2న, ఊరికో క్రీడాప్రాంగణం అన్నారు. మంచి మాట. చాలాచోట్ల ముందుగా వచ్చింది బోర్డు. ఊరికి దూరంగా, గుట్ట పక్కనో శ్మశానం దారిలోనో ఓ బీడు చూసి బోర్డు పాతారు. గుంజలు రెండు నాటారు. ఫోటో దిగారు. వానాకాలం వచ్చేసరికి గడ్డి మనిషెత్తు పెరిగింది. ఇప్పుడక్కడ ఆడుతున్నది బోర్డొక్కటే. గాలికి.

రంగుల సంగతీ చెప్పాలి. బడి గోడ మీద రైలు పెట్టె బొమ్మ వేయడం ఓ ఫ్యాషనైంది. ఆర్మూర్ మీదుగా రైలు మార్గం వేయండని ఆదిలాబాద్ జనం ఏండ్ల సంది మొత్తుకుంటున్నారు. పట్టాల మీద రాని రైలు గోడ మీదికైతే వచ్చింది. సంతోషం. కానీ అదే రంగు డబ్బాతో, అదే కుంచెతో వేరే పని కూడా చేయొచ్చు. మన దేశంలోనే ‘బాలా’ అని ఓ పద్ధతి ఉంది. భవనమే బోధనోపకరణం అన్నది దాని ఆలోచన. విన్యాస్ అనే సంస్థ యునిసెఫ్ తోడ్పాటుతో పెంచిన పని అది. తలుపు తెరుచుకునే చోట నేల మీద కోణాలు గీస్తారు. తలుపు జరిపితే 30 డిగ్రీలు, ఇంకాస్త జరిపితే 60. మెట్ల మీద అంకెలు వేస్తారు. ఎక్కితే కూడిక, దిగితే తీసివేత. ఫ్యాన్ రెక్కలకు రంగులేస్తే తిరిగినప్పుడు ఏ రంగవుతుందో పిల్లలే కనిపెడతారు. ఖర్చెంత? ఓ పెయింటర్ కూలి. అదే దాని లోపం. అంత చిన్న పనికి శిలాఫలకం వేయలేరు కదా!

అంగన్‌వాడీలు ఉండనే ఉన్నాయంటారా? తెలంగాణలో సుమారు 35,700 ఉన్నాయి. పట్నాల్లో చాలావాటికి సొంత గూడు లేదు. ఓ కిరాయి గది. ఓ మూల బియ్యం బస్తాలు, ఓ మూల బాలామృతం ప్యాకెట్లు, గుడ్ల ట్రేలు, తూకం మిషను, రిజిస్టర్లు. మిగిలిన జాగాలో పిల్లలు. ‘కదలకుండా కూసోండ్రి’ అనడం తప్ప ఆ టీచరమ్మ ఏం చేస్తుంది? ఆడుకోవాల్సిన వయసుకు సర్కారు నేర్పుతున్న మొదటి పాఠం అది. కదలొద్దు.

ఇంకో విచిత్రం వినండి. పాత ఆదిలాబాద్ జిల్లాలోనే నిర్మల్ ఉంది. పొనికి చెక్కతో అక్కడ చేసే కొయ్యబొమ్మలకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లోకమంతా మెచ్చిన బొమ్మల ఊరు. ఆ బొమ్మలు ఎవరి చేతుల్లో ఉన్నాయి? మంత్రిగారి సన్మానంలో, శాలువా పక్కన. కలెక్టరేట్ అద్దాల అల్మారాలో. ఎన్ని అంగన్‌వాడీల్లో ఉన్నాయో చెప్పండి సారూ, మేమూ వెళ్లి చూసొస్తాం. బొమ్మతో ఆడుకునేటోడికి ప్లాస్టిక్. బొమ్మతో ఫోటో దిగేటోడికి పొనికి చెక్క.

డబ్బున్నవాళ్ల పిల్లలైనా బాగున్నారా? మెడికల్ షాపు మీద రెండో అంతస్తులో ప్లే స్కూల్. పేరులో ప్లే ఉంది, సరిపోదా? పైనున్న మూడంతస్తుల్లో ఆరో తరగతి నుంచే ఐఐటీ. ఆటస్థలం లేనిదే గుర్తింపు లేదని నిబంధన. మరి ఏ మైదానం చూసి సంతకం పెట్టారు? లిఫ్ట్ ముందున్న వరండానా, సెల్లార్ పార్కింగా?

ఇవన్నీ చేయాలంటే నిధులేవి అని అడుగుతారు. 1947లో ఆమ్‌స్టర్‌డామ్ ఏమీ బలిసి లేదు. యుద్ధంలో చితికిన ఊరు. మున్సిపాలిటీలో ఆల్డో వాన్ ఐక్ అనే కుర్ర ఆర్కిటెక్ట్ పనిచేసేవాడు. ఓ చిన్న కూడలిలో ఇసుక గుంట కట్టాడు, చుట్టూ కూర్చోవడానికి సిమెంటు గట్టు. పల్టీలు కొట్టడానికి ఇనుప కమ్మీలు. దూకడానికి గుండ్రటి దిమ్మెలు. చుట్టూ కంచె లేదు, గేటు లేదు, టికెట్టు లేదు, విజిల్ లేదు. పక్క వీధుల వాళ్లు చూసి మాకూ కావాలని మున్సిపాలిటీకి ఉత్తరాలు రాశారు. కూలిన ఇళ్ల ఖాళీ జాగాల్లో, వీధి మలుపుల్లో కట్టుకుంటూ పోయారు. 1978 నాటికి ఏడు వందలు దాటాయి. మన దగ్గరా ప్రజావాణి ఉంది, ప్రతి సోమవారం. కానీ సోమవారం బుడ్డోడికి బడి. పైగా 95 సెంటీమీటర్ల అర్జీదారు కలెక్టర్ టేబుల్ అవతలికి కనిపించడు.

మనకు ఖాళీ జాగాలు లేవనడం ఉత్తదే. లేఅవుట్‌లో పది శాతం వదలాలన్న నిబంధన ఉంది. వదిలిన జాగా కాగితం మీద పచ్చగానే ఉంది. నేల మీదకు పోయి చూస్తే షెడ్డో, గుడో, ఎవరిదో కారో. మైదానాలకూ కొదవ లేదు. మన ఎస్సారార్ కాలేజీ గ్రౌండ్‌లోనే 2001 మే 17న టీఆర్‌ఎస్ సింహగర్జన సభ జరిగింది. 2024 మార్చిలో అదే పార్టీ కదనభేరి మోగిందీ అక్కడే. ఇతర జెండాలవాళ్లూ తక్కువ తినలేదు. సభకైతే రాత్రికి రాత్రి గ్రౌండ్ చదును చేస్తారు, నీళ్లు చల్లుతారు, షామియానా వేస్తారు, మొబైల్ టాయిలెట్లు దింపుతారు. మరునాడు గుంజల గుంతలు, నీళ్ల ప్యాకెట్లు, చిరిగిన జెండాలు. వాటిని ఏరి పక్కన పోసుకుని పిల్లలు మళ్లీ వికెట్లు పాతుకుంటారు. నీడ, నీళ్లు, చదును నేల ఒక్క పూటలో చేయగలమని మీరే నిరూపించారు గదా సారూ! ఆ పూట పిల్లల కోసం ఎన్నడొస్తది?

మా సందులో ఇప్పుడో ఇల్లు లేస్తోంది. పోయిన వారం లారీ వచ్చి మానేరు ఇసుక కుప్ప పోసిపోయింది. సాయంత్రమయ్యేసరికి వాడకట్టు పిల్లలంతా అక్కడే. ఒకడు సొరంగం తవ్వుతాడు. ఒకతి కాలి మీద తడి ఇసుక మెత్తి గూడు కడుతుంది. ఇంకొకడు తీగల వంతెన కట్టాడు, పుల్లలతో, చెప్పుల దారంతో. ఏ రోజుకారోజు కూలుతోంది, మళ్లీ కడుతున్నాడు. ఎందుకు కూలుతుందో వాళ్లలో వాళ్లే లొల్లి పెట్టుకుని తేల్చుకుంటున్నారు. విజిలేసేవాడు లేడు. ఇంటాయన మంచివాడు, ఏమీ అనడు. స్లాబు పడితే ఇసుక అయిపోతుందని మాత్రం చెప్పాడు.

వచ్చే గురువారమంట.