ఆ ఒక్క రోజు

జూన్ 14 అర్ధరాత్రితో వేట నిషేధం అయిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి ఫిషింగ్ హార్బర్ జెట్టీకి కట్టేసిన మా బోటు అప్పుడే కదలాలి. ఐస్, డీజిల్, కలాసీల అడ్వాన్సులు అన్నీ ఆలోపే చూసుకోవాలి. కిలిమంజారో ఏ దారిన ఎక్కాలో నేను ఈ లెక్క చూసుకునే తేల్చేశాను.

మచామే దారిన అయితే ఏడు రోజులు. మరాంగు ఐదు రోజుల్లో అయిపోతుంది, పడుకోవడానికి గుడిసెలుంటాయి. అందులోనే హొరొంబో దగ్గర ఇంకో రోజు ఆగి వెళ్లేవాళ్లూ ఉన్నారు. ‘‘ఒక్క రోజు ఆగితే ఏటైపోద్ది బావా?’’ అన్నాడు మా బామ్మర్ది. అక్కర్లేదన్నాను. మూడు నెలలు సింహాచలం మెట్లు ఎక్కాం కదా అన్నాను. పదమూడేళ్ల మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్టే ఎక్కింది కదా అన్నాను. ఆ పిల్ల టిబెట్ వైపు వారాల తరబడి ఉండి, ఒంటికి ఆ గాలి అలవాటు చేసుకున్నాకే శిఖరం ఎక్కిందన్నది నా తలకెక్కలేదు.

మొదటి రాత్రి 2,720 మీటర్లు. రెండో రాత్రి 3,720. మూడో రాత్రి కిబోలో 4,720. మూడు వేలు దాటాక పడుకునే ఎత్తు రోజుకు ఐదు వందల మీటర్లకు మించి పెరగకూడదంటారు. నేను వాణ్ని వెయ్యేసి మీటర్లు ఎక్కించాను.

కిబోలో అర్ధరాత్రి బయల్దేరాలి. వాడు బూటు లేసు రెండు కొసలూ పట్టుకుని, వాటినే చూస్తూ కూర్చున్నాడు. చీకట్లో వల ముడి వేయగలిగిన మనిషి. పిలిస్తే ఎంతకో తలెత్తాడు. గైడు లేపి నాలుగడుగులు వేయించాడు. తాగినవాడిలా తూలిపోయాడు. ఇక పైకి కాదు, ఇప్పుడే కిందికి అన్నాడు గైడు. చెరో రెక్క పట్టుకుని ఆ చీకట్లోనే హొరొంబో దాకా దించాం. వాళ్లక్కకు ఏ మొహం పెట్టుకుని ఫోన్ చేయాలా అనుకుంటూ నడిచాను. తెల్లారాక వాడు టీ అడిగాడు. నాకు ఏడుపు ఆగలేదు.

లోతు నీళ్లలోంచి గబగబా పైకి లాగిన చేపకు లోపలి గాలితిత్తి ఉబ్బి, పొట్ట నోట్లోంచి బయటికొచ్చేస్తుంది. వేలం దగ్గర ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. ఉన్నచోటి ఒత్తిడికి అలవాటుపడ్డ ఒంటిని ఒక్కసారిగా పైకి తేకూడదని నాకు ఇంకొకరు చెప్పాలా?

మేం విశాఖ చేరేసరికి జూన్ 10. జెట్టీ మీద బోట్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఐస్ ఎక్కించడం ఇంకా మొదలే కాలేదు.