కెర్నెలు పద్యమునకు టీకా తాత్పర్యము

మూలము (ఆటవెలది)

సీయె చాలు ననిరి శిష్టులౌ పెద్దలు
రస్టు వలయు ననిరి రచ్చ జేసి
కెర్నె లొరిగెనేని కీబోర్డు పలుకునే
వినుము కోడు రాయు వెఱ్ఱి తండ్రి

టీక: సీయె = బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ 1970ల తొలినాళ్ళలో రూపొందించిన సీ భాషయే; చాలును = లినక్సు కెర్నెలునకు సరిపోవును; శిష్టులౌ పెద్దలు = ఏండ్ల తరబడి ప్యాచీలు వడకట్టుచున్న మెయింటెయినర్లు; రస్టు = 2015లో 1.0 వెర్షనుగా వెలువడిన భాష; వలయును = కావలెను; రచ్చ జేసి = వాదించి, ఊరకుండక ప్యాచీలు కూడ పంపి; ఒరిగెనేని = ప్యానిక్ అయినచో; వెఱ్ఱి తండ్రి = డ్రైవరు రాయ కూర్చున్న అమాయకుడు. రెండవ పాదమున కర్త కానరాడు. "చిన్నలు" అని అధ్యాహారము చేసికొనవలెను. కవి భయపడి దాచెనని కొందఱందురు. భయము కాదు, గణములు చాలలేదు.

తాత్పర్యము: మామూలు ప్రోగ్రాము తప్పటడుగు వేసినచో కెర్నెలు దానిని చంపి తక్కినవారిని కాచును. కెర్నెలే తప్పటడుగు వేసినచో కాచువాడు లేడు.

విశేషములు: "చాలును" అనుట ఊరక కాదు. 1973లో యూనిక్సు కెర్నెలును అసెంబ్లీ నుండి సీలోనికి తిరగరాసిరి. నాటి నుండి సీ ఈ కొలువున ఉన్నది. దానికి వెంట పరివారము అక్కఱలేదు. గార్బేజ్ కలెక్టరును అడుగదు. ఇఱుకు చోటనైనను ఒదుగును; ఏలయన 64-బిట్ ఎక్స్86 యంత్రములపై లినక్సు ఒక్కొక్క థ్రెడ్డునకు ఇచ్చు కెర్నెలు స్టాకు 16 కిలోబైట్లు మాత్రమే. గార్బేజ్ కలెక్టరుతో కెర్నెలు కట్టరాదా యన్నచో, 2018లో ఎంఐటీవారు అట్టి కలెక్టరు గల గో భాషలో బిస్కట్ అను కెర్నెలు కట్టి నడిపించిరి. ఒకే పనిని సీలోను గోలోను రాసి చూడగా గో రాత 5 నుండి 15 శాతము వెనుకబడెను. అంత వెనుకబాటును పెద్దలు ఓర్వరు.

అయినను సీ పక్షమునకు ఒక మచ్చ కలదు. విడిచిపెట్టిన మెమరీని మరల తాకినను అది నోరెత్తదు. తాము ఏటేట సరిదిద్దు భద్రతాలోపములలో సుమారు 70 శాతము మెమరీ తప్పులేయని మైక్రోసాఫ్ట్‌వారు 2019లో చెప్పిరి. రస్టున ఒక్కొక్క విలువకు ఒక్కడే యజమాని. అతడు పోయిన పిమ్మట ఎవడైన దానిని వాడబోయినచో కంపైలరు గడప దాటనీయదు. హార్డ్‌వేరు రిజిస్టర్లను తాకు చోట అన్‌సేఫ్ అను దొడ్డిదారి తెఱవక తప్పదు గాని, ఆ దారిపై బోర్డు ఉండును. సీలో ఇల్లంతయు దొడ్డిదారియే. 2022 డిసెంబరులో వచ్చిన లినక్సు 6.1లో రస్టునకు తొలిసారి చోటు దక్కెను.

మఱి రచ్చ ఏల? సీ వైపు ఒక ఫంక్షను రూపు మాఱినపుడు, దానికి అతికించిన రస్టు తొడుగును ఎవరు కుట్టవలెను? "అది మా పని కాదు" అని పెద్దలు. "మేమే కుట్టుదుము, మార్చునపుడు చెప్పుడు" అని చిన్నలు. కావున దీనిని భాషావాదమనుట వ్యాఖ్యాతకు సమ్మతము కాదు. ఇది చాకిరీ పంపకముల తగవు.

"కీబోర్డు పలుకునే" అనుట కాకువు, పలుకదని భావము. ప్యానిక్ అయినపుడు కొన్ని యంత్రములపై క్యాప్స్ లాక్ దీపము మిణుకుమనును గదా అని ఆక్షేపము. మిణుకుట పలుకుట కాదు. కొన్ని ప్రతులలో "మౌసైన పలుకునే" అని పాఠాంతరము. యతి చెడినది. పైగా సర్వర్లకు మౌసు పెట్టువారెవరు?