కూర్పర సంజీవని

అవతారిక

కారు గురించి తెలుగువాడు మాట్లాడని సంగతి లేదు. మైలేజీ మీద తర్కం నడుస్తుంది. టైర్ల గాలి మీద మతభేదాలున్నాయి. డీజిలా, పెట్రోలా అన్నదాని మీద కుటుంబాలు విడిపోకపోయినా పెళ్లిభోజనాల బంతులు విడిపోయాయి. ఆర్మ్‌రెస్టు మీద మాత్రం పూర్వులు ఒక్క ముక్క చెప్పి పోలేదు. వారి తప్పేం లేదు. అంబాసిడరులో ముందు వరస ఒకటే బెంచీ. మధ్యలో మూడో మనిషి ఉండేవాడు, డ్రైవరు మోచెయ్యి ఆనితే ఆయన డొక్కలోనే ఆనేది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800లోనూ సీట్ల నడుమ హ్యాండ్‌బ్రేకే గాని చెయ్యి పెట్టుకునే దిమ్మ లేదు. లక్ష్యం లేనిదే లక్షణగ్రంథం ఎలా పుడుతుంది?

ఇప్పుడు లక్ష్యం ఉంది, చిరిగి కూడా ఉంది. కనుక ఈ ఆటవెలది. కర్త ఎవరో తెలియదు. వ్యాఖ్యాతే రాసుకొని ఉంటాడని కొందరి అనుమానం. అది నిరాధారమైన అనుమానం కాదు. మెదక్ దగ్గరి కొల్చారానికి చెందిన కోలాచల మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకొని కాళిదాస కావ్యాలకు సంజీవని రాశాడు. ఈ వ్యాఖ్యాత మొదటి ఒట్టు వరకే పూచీ. పేరులోని కూర్పరం అంటే మోచెయ్యి. అమరసింహుడు దానికి కఫోణి అని ఇంకో పేరు కూడా ఇచ్చాడు గాని, అది వింటే దగ్గుమందు గుర్తొస్తోందని వదిలేశాం.

పద్యం

ఆ.వె. చేయి యాను చోట చిరిగిన రెక్సిను
తీసి, నురుగు మార్చి, తిరిగి తొడిగి,
జిగురు రెండువైపు చిలికి యారగనిచ్చి
అదుము వాడె కారు కధిపు డగును.

ప్రతిపదార్థం

చేయి = మోచెయ్యి; ఆను చోట = ఆనుకొనే చోట, అనగా ముందు సీట్ల నడుమనున్న మెత్తని దిమ్మమీద; చిరిగిన = పగిలినట్టి, పొట్టు లేచినట్టి; రెక్సిను = తోలు కాని తోలును; తీసి = ఊడదీసి; నురుగు = ఫోమును; మార్చి = పాతది పారేసి కొత్తది పెట్టి; తిరిగి తొడిగి = మళ్లీ తొడుగు వేసి; జిగురు = బంకను; రెండువైపు = రెండు పక్కలకూ; చిలికి = చిలకరించి (దీనిమీద గొడవ ఉంది, కింద చూడండి); ఆరగనిచ్చి = ఆరేదాకా ఊరుకొని; అదుము వాడె = నొక్కేవాడే; కారుకు = వాహనమునకు; అధిపుడు = యజమాని; అగును = అవుతాడు.

తాత్పర్యం

ఆర్మ్‌రెస్టు చిరిగితే పైతొడుగు, లోపలి ఫోము రెండూ మార్చి, జిగురు ఆరాక అతికించాలి. అలా చేసినవాడే కారుకు నిజమైన సొంతదారు.

విశేషాలు

"చేయి" అని కవి ఏకవచనం వాడాడు. ఏ చెయ్యి? మన దేశంలో స్టీరింగు కుడివైపు గనక నడుమ దిమ్మమీద ఆనేది ఎడమచెయ్యి. డాలసులోను, న్యూజెర్సీలోను ఉన్న తెలుగువారు కుడిచెయ్యి అని చదువుకోవాలి. దేశభేదం వల్ల అర్థభేదమే గాని పద్యానికి లోటు లేదు. తలుపుకు ఉన్న ఆర్మ్‌రెస్టు ఈ పద్యానికి విషయం కాదు. అందులో అద్దాల స్విచ్చీలు, వాటి వైర్లు ఉంటాయి; దాన్ని విప్పడం వేరే శాస్త్రం.

ఆర్మ్‌రెస్టుకు పూర్వరూపం లేకపోలేదు. జపం చేసుకునే యోగులు చేతికింద పెట్టుకునే యోగదండం అదే. అయితే దాన్ని కొయ్యతో చేశారు. దానిమీద రెక్సిను అతికించాలన్న ఆలోచన ఏ మహర్షికీ రాలేదు. వారిని త్రికాలజ్ఞులు అనడానికి ఇంతకంటే ఆధారం అక్కర్లేదు.

"చిరిగిన": ఎవరూ చించలేదు, అదే చిరిగింది. ఇక్కడ వైద్యుడు ముందు రోగం తెలుసుకోవాలి, ఎందుకంటే రోగాలు రెండు. పీవీసీ తొడుగయితే పగుళ్లిస్తుంది. పీవీసీ స్వతహాగా గట్టిది. మెత్తదనం కోసం అందులో నూనెలాంటి పదార్థం కలుపుతారు. మే నెల ఎండలో అద్దాలెత్తి నిలిపిన కారులో గాలి 60 డిగ్రీలకు చేరడం వింత కాదు. ఆ వేడికి ఆ నూనె కొద్దికొద్దిగా బయటికి పోతుంది. ముందద్దం లోపలివైపు పట్టే జిడ్డుపొరలో దాని వాటా కూడా ఉంది. నూనె పోయాక మిగిలేది అట్టముక్క. మోచెయ్యి ఆనిన చోట అది పగులుతుంది. ఇక పీయూ తోలయితే పగలదు, పొట్టు రాలుతుంది. దాని శత్రువు తేమ. విశాఖ, కాకినాడ వంటి ఊళ్ల ఉక్కపోతలో నీటి ఆవిరి ఆ పూతలోని బంధాలను తెంపుతుంది. నల్లటి పొలుసులు లేచి తెల్లచొక్కా మోచేతికి అంటుకుంటాయి. చెమట, తలనూనె, చేతులకు రాసుకునే శానిటైజరు ఈ రెండు రోగాలకూ తోడ్పడతాయి.

చిన్న పగులుకు వినైల్ ఫిల్లరు పూసి, ఆరాక సన్నని గరుకు కాగితంతో రుద్ది, రంగు వేస్తే సరిపోతుంది. పొట్టు రోగానికి ఆ మందు పనిచెయ్యదు. ఎక్కడ పూస్తే దాని పక్కనే లేస్తుంది. అందుకే కవి "పూసి" అనకుండా "తీసి" అన్నాడు.

"రెక్సిను": ఈ పేరు ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గరి హైడ్ అనే ఊళ్లో పుట్టింది. అక్కడి కంపెనీ గుడ్డమీద సెల్యులోజ్ నైట్రేటు పూసి, తోలు గీతలు అచ్చొత్తి అమ్మిన సరుకు అది. ఆ సరుకు పోయింది, పేరు మన బజార్లలో నిలబడింది. దుకాణంలో అడగవలసింది వెనకవైపు బనీను గుడ్డలాంటి అల్లిక ఉన్న రకం. దాన్ని అడ్డంగా లాగినా నిలువుగా లాగినా సాగుతుంది. నేతగుడ్డ వెనకున్న రకం చౌకే, కాని మూలల దగ్గర మొండికేస్తుంది. రంగు విషయంలో ఒక హెచ్చరిక. నలుపంతా ఒకటే అనుకొని నమూనా లేకుండా బజారుకు వెళ్లినవాడు ఇంటికొచ్చి చూస్తే కారులోని నలుపు బూడిదవైపు, చేతిలోని నలుపు నీలంవైపు ఉంటాయి. పాత ముక్క వెంట తీసుకుపోవాలి, పగటి వెలుతురులో పోల్చాలి. నాలుగో పాదంలో "కారు"కు నలుపు అనే అర్థం కూడా చెప్పుకుంటే కవి ఈ బాధ ఎరిగినవాడే అనిపిస్తుంది.

"తీసి": ఒక్క మాటలో తేల్చేశాడు గాని సగం పని ఇక్కడే ఉంది. దిమ్మ మూత ఎత్తితే అడుగున స్క్రూలు కనిపిస్తాయి. కొన్ని కార్లలో వాటిమీద చిన్న ప్లాస్టిక్ బిళ్లలుంటాయి. వాటిని ఇనప స్క్రూడ్రైవరుతో పెకలిస్తే గీతలు పడతాయి, ప్లాస్టిక్ పట్టీ వాడాలి. కీలు దగ్గర స్ప్రింగుంటే దానిమీద ఒక చెయ్యి వేసే విప్పాలి. లేదంటే అది ఎగిరి సీటు కిందికి పోతుంది. అక్కడికి పోయినది తిరిగిరాదు. విప్పే ముందు సెల్‌ఫోనుతో ఫోటో తీసుకోవడం నవీనాచారం. ప్రాచీనులకు లేని సౌకర్యం ఇదొక్కటే గాని గొప్ప సౌకర్యం. ఊడదీసిన పాత తొడుగును పారెయ్యకూడదు. కుట్లు విప్పి, పరిచి, కొత్త రెక్సిను వెనకవైపు దాన్ని పెట్టి సుద్దతో గీసుకోవాలి. చుట్టూ రెండువేళ్ల వెడల్పు ఎక్కువ ఉంచుకొని కత్తిరించాలి. ఎక్కువుంటే తరవాత కొయ్యొచ్చు.

"నురుగు": సముద్రపు నురుగు కాదు, బీరు నురుగు అసలే కాదు. అయినా ప్రయోగం సాధువే. 1929లో ఇంగ్లండులో డన్‌లప్ కంపెనీ వారు రబ్బరుచెట్టు పాలను గిలక్కొట్టి నురుగు తెప్పించి, దాన్ని పరుపుల సరుకుగా మార్చారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఏ ఫోమునైనా డన్‌లప్ అనే అంటారు. ఇప్పటి కారు దిమ్మల్లో ఉండేది పాలియురెథేను. పైతొడుగు పగిలాక గాలి, వెలుతురు, చెమట తగిలి అది పచ్చబడి, నొక్కితే పిండిలా రాలుతుంది. ఇక్కడే చాలామంది లోభిస్తారు: పైగుడ్డ మారిస్తే చాలదా అని. చాలదు. అణిగిపోయిన ఫోముమీద కొత్త రెక్సిను బిగిస్తే మోచెయ్యి మళ్లీ అదే గుంటలోకి దిగుతుంది, అదే చోట ముడత పడుతుంది, ఆ ముడతే మళ్లీ పగులుతుంది. దుకాణంలో 40 డెన్సిటీ ఫోము అరంగుళం మందం అడగండి. అంతకన్నా మెత్తనిది త్వరగా అణుగుతుంది. మందం మరీ ఎక్కువైతే మూత పడదు.

శంక: కవి "తొడిగి" అన్నాక "జిగురు" అన్నాడు. తొడిగిన తరవాత జిగురెక్కడ రాస్తారు?

సమాధానం: పద్యం నోటికొచ్చి, పని ఎరగనివారు వేసే ప్రశ్న ఇది. హోమం ముందు చెప్పి, దానికి కావలసిన జావ వండటం తరవాత చెప్పిన చోట, వండనిది వేల్చలేం గనక వండటమే ముందు జరగాలని మీమాంసకులు ఏనాడో తేల్చారు. పాఠంలోని వరస కన్నా అర్థంలోని వరస బలవత్తరం. కనుక జిగురే ముందు. కవికి యతి కుదరక ఇటుదటు చేశాడు.

"చిలికి": దీనికి "పులిమి" అని పాఠాంతరం ఉంది. అర్థం అదే బాగుంది. జిగురును బ్రష్షుతోనో అట్టముక్కతోనో పల్చగా పులమాలి. కాని "జి"కీ "పు"కీ యతి చెల్లదు. చిలికి అంటే స్ప్రే డబ్బాతో చల్లడమని నవ్యులు సమర్థిస్తున్నారు, సరే.

ఏ జిగురు? తెల్ల ఫెవికాల్ చెక్కకు రాజు, ఇక్కడ ప్రజ. దానిలోని నీరు ఇంకిపోవాలి; రెక్సినూ ప్లాస్టిక్కూ నీటిని పీల్చవు గనక అది నడుమ పచ్చిగానే ఉండిపోతుంది. ఫెవిక్విక్ లాంటిది గాజులా గట్టిపడి, మడత పడగానే విరుగుతుంది. చుట్టూ తెల్లటి మచ్చ కూడా పెడుతుంది. గ్లూగన్ కర్రలు కారులోని వేసవికి మెత్తబడి జారతాయి. కావలసింది సింథటిక్ రబ్బరు జిగురు. వడ్రంగులు సన్‌మైకా అతికించడానికి వాడే పసుపుపచ్చటిది. ఫెవికాల్ ఎస్‌ఆర్‌లోని ఎస్‌ఆర్ అదే.

"ఆరగనిచ్చి": పద్యానికి ప్రాణం ఈ మాటలో ఉంది. తక్కినదంతా బజారులో కొనొచ్చు, దీన్ని కొనలేం. ఈ జిగురు రెండు వైపులా రాసి, 10 నుంచి 15 నిమిషాలు వదిలెయ్యాలి. అందులోని ద్రావకం గాలిలోకి పోవాలి. వేలు పెట్టి తీస్తే అంటకూడదు, తీగ సాగకూడదు. ఆ స్థితిలో అతుకుతుందా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. అతుకుతుంది, అప్పుడే అతుకుతుంది. పచ్చిగా ఉండగా మూసేస్తే ద్రావకానికి బయటపడే దారి లేక బుడగలు లేస్తాయి, అంచులు వారానికి విడిపోతాయి. ఇంట్లో చేసిన ఆర్మ్‌రెస్టు చెడిందంటే పదింట తొమ్మిదిసార్లు ఈ పదాన్ని దాటేసి చదివినందుకే అని వ్యాఖ్యాత అభిప్రాయం.

"అదుము": ఈ జిగురు తగిలిన చోట పట్టేస్తుంది, జరపడానికి వీలుండదు. అందుకని నడుమ మొదలుపెట్టి అంచులవైపు అదుముతూ పోవాలి. మూలల దగ్గర హెయిర్ డ్రయ్యరుతో వెచ్చజేస్తే రెక్సిను మాట వింటుంది. అది ఇంట్లో ఎవరిదో వారినడిగి తీసుకోవడం శిష్టాచారం. మిగిలిన గుడ్డను అడుగువైపు మడిచి, మూలల్లో సన్నని ముక్కోణాలు కత్తిరిస్తే మడతలు ఒకదానిమీదొకటి ఎక్కవు. తొడుగుకు కుట్లుంటే మాత్రం పౌరుషానికి పోకండి. మందపు సూది మిషను ఉన్నచోట కుట్టించండి. విజయవాడ ఆటోనగర్‌ లాంటి చోట సీటుకవర్లు కుట్టేవారికి అది చిటికెలో పని.

ఇక పూర్వపక్షాలు. తువ్వాలు మతం వారు పైన గుడ్డ కప్పితే చాలంటారు. తువ్వాలు జారుతుంది, దాని కింద పొట్టు రాలుతూనే ఉంటుంది. పైగా కారెక్కిన ప్రతి చుట్టమూ అదెందుకని ఎత్తి చూస్తాడు. టేపు మతం వారి సంగతి మొదటి వేసవే తేలుస్తుంది. బంక కరిగి చొక్కాకు పడుతుంది. రెడీమేడ్ తొడుగుల మతం కొంత నయం, కాని అదీ గుంటను నింపదు.

"అధిపుడు": ఆర్‌సీలో హైపోథికేషన్ కింద బ్యాంకు పేరుండగా ఈయన యజమాని ఎలా అవుతాడని లౌకికుల ఆక్షేపణ. అప్పు తీర్చి, ఫారం 35 ఇచ్చి ఆ పేరు తీయించుకునేదాకా ఆక్షేపణ చెల్లుతుంది. బ్యాంకు మోచెయ్యి ఏనాడూ ఆ దిమ్మమీద ఆనలేదు గనక ఈ ఒక్క విషయంలో ఆధిపత్యం చేసినవాడిదే. "వాడె" అన్న ఏకారం దుకాణంలో చేయించుకున్నవారిని అవమానించడానికి కాదు. వారు అధిపుడికి అధిపులు, డబ్బిచ్చారు.

పాఠకులకు మనవి. జిగురు డబ్బా తెరిచిన చోట అగ్గిపుల్ల గీయకండి, ఆ ద్రావకం అంటుకుంటుంది. పని ఆరుబయటే పెట్టుకోండి. దిమ్మను కారులో బిగించాక అద్దాలు కాసేపు దించి ఉంచండి. తెల్లారేదాకా దానిమీద చెయ్యి వెయ్యకండి.